కృతజ్ఞతల పండుగకు కొసరు

1939లో అమెరికాలోని పెద్ద దుకాణదారులకు ఒక దిగులు పట్టుకున్నది. ఆ ఏడాది నవంబరులో ఐదు గురువారాలు వచ్చినవి. 1863లో అధ్యక్షుడు అబ్రహాం లింకన్ ప్రకటన వెలువరించిన నాటినుండి ఆ దేశంలో థాంక్స్‌గివింగ్ పండుగ దాదాపు ఎప్పుడూ నవంబరు చివరి గురువారంనాడే జరుగుతూ వచ్చినది. పంటలు ఇంటికి చేరిన పిమ్మట దైవానికి కృతజ్ఞత చెప్పుకొనే రోజది. ఆ లెక్కన ఆ ఏడు పండుగ 30వ తేదీకి పడుతుంది. పండుగ ముగిసేదాకా క్రిస్‌మస్ సరకులను గూర్చి ఆర్భాటంగా ప్రకటనలు చేయడం మర్యాద కాదని ఆనాటి వర్తకులలో ఒక అలిఖిత నియమం ఉండేది. కాబట్టి అమ్మకాలకు మిగిలేది నాలుగు వారాలు కూడా కాదు. డిపార్ట్‌మెంట్ స్టోర్ల అధిపతి ఫ్రెడ్ లాజరస్ వంటివారు పండుగనే ఒక వారం ముందుకు జరపవలసిందని ప్రభుత్వాన్ని కోరారు. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఆగస్టు నెలలో సరేనన్నాడు. పండుగ 23వ తేదీకి మారినది.

అప్పటికే కాలెండర్లు అచ్చయిపోయినవి. కాలేజీల ఫుట్‌బాల్ పోటీల తేదీలు ఖాయమైపోయినవి. ఆనాటి 48 రాష్ట్రాలలో 23 కొత్త తేదీని పాటించినవి. 22 పాత తేదీనే పట్టుకుని కూర్చున్నవి. టెక్సాస్‌తో కలిపి మూడు రాష్ట్రాలు ఎందుకొచ్చిన గొడవ అని రెండు గురువారాలూ సెలవిచ్చినవి. అధ్యక్షుని పేరు కలిపి జనం దానిని ‘ఫ్రాంక్స్‌గివింగ్’ అని ఎగతాళి చేశారు. మనవైపు పంచాంగకర్తలు పండుగ తిథి విషయంలో తగవుపడడం అందరికీ తెలిసినదే. దుకాణదారు కోరికమీద తిథి జరగడం మాత్రం వింతే. ఇంతా చేస్తే అమ్మకాలు చెప్పుకోదగినంతగా పెరగలేదు. 1941 మే నెలలో రూజ్‌వెల్ట్ తానే ఆ ప్రయోగం ఫలించలేదని ఒప్పుకున్నాడు. ఆ ఏడాది చివర కాంగ్రెసు నవంబరు నాలుగో గురువారాన్ని చట్టంచేసి, తగవుకు ముగింపు పలికినది.

పండుగను కదిలించడం సాధ్యం కాలేదు గాని, పండుగ పక్కనున్న రోజులను మాత్రం వర్తకం ఒక్కొక్కటిగా ఆక్రమించినది. మరునాటి శుక్రవారానికి ‘బ్లాక్ ఫ్రైడే’ అనే పేరును ప్రచారంలోకి తెచ్చినవారు ఫిలడెల్ఫియా పోలీసులు. కార్లతో, జనంతో ఊరంతా స్తంభించిపోయే రోజని వారు విసుగుతో పెట్టుకున్న పేరది. 1961లో అక్కడి వర్తకులు దానిని ‘బిగ్ ఫ్రైడే’గా మార్చబోయి విఫలులైనారు, తరువాతి కాలంలో నష్టాల ఎర్రసిరా పోయి లాభాల నల్లసిరా వచ్చే రోజు అనే వ్యాఖ్యానం తగిలించి తృప్తిపడ్డారు. సోమవారాన్ని ‘సైబర్ మండే’ అని 2005లో చిల్లర వర్తకుల జాతీయ సమాఖ్య నామకరణం చేసినది. నడుమనున్న శనివారాన్ని 2010లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ సంస్థ చిన్న వ్యాపారాల పేర కేటాయించినది. 2012 నుండి మంగళవారం దానధర్మాలకు పోయినది. ఇన్ని రోజుల మధ్య అసలు గురువారానికి మిగిలినది టర్కీ కోడి, కుటుంబ భోజనం.

ఈ రద్దీలో ఇంటర్నెట్‌లో చిన్న దుకాణం పెట్టుకున్న మనిషి ఎలా నెగ్గుకురావాలన్నది అసలు ప్రశ్న. న్యూజెర్సీలోని ఎడిసన్ పట్టణంలో, తెలుగువారు బాగా స్థిరపడిన ఆ చోట, ఒక ఇల్లాలు ఉన్నదనుకుందాము. వంటింటి పక్క గదిలో సోయా మైనంతో పరిమళపు కొవ్వొత్తులు పోసి, చేతివృత్తుల సరకు అమ్మే ఎట్సీ అనే ఆన్‌లైన్ అంగడిలో అమ్ముతుంది. కొనేవారిలో తెలుగువారు తక్కువ. ఎక్కువమంది ఏ ఒహైయోలోనో, జార్జియాలోనో ఉండే అమెరికన్లు. ఒక్కొక్క కొవ్వొత్తి ధర 24 డాలర్లు. అక్టోబరు చివరలో భర్త ఒక మాటన్నాడు:

“అందరూ ముప్ఫై శాతం తగ్గిస్తున్నారు. మనమూ తగ్గించకపోతే మన దుకాణం గడప ఎవరు తొక్కుతారు?”

“ఉండండి, ఒక కాగితం ఇటివ్వండి” అన్నదామె.

ఆ కాగితంమీద పడిన లెక్క ఇటువంటిది. మైనం, వత్తి, పరిమళ తైలం, గాజుపాత్ర, అట్టపెట్టె కలిసి ఒక కొవ్వొత్తికి 11 డాలర్లు. 2022 ఏప్రిల్ నుండి ఎట్సీ తీసుకొనే రుసుము ప్రతి అమ్మకంపై ఆరున్నర శాతం. డబ్బు జమ చేసినందుకు మరి మూడు శాతం, దానిపై 25 సెంట్లు. సరకును అంగడిలో పెట్టినందుకు 20 సెంట్లు. తపాలా ఖర్చును కొనుగోలుదారుకే వదిలివేసినా, 24 డాలర్లలో ఈ రుసుములు 2 డాలర్ల 73 సెంట్లు పోతే, ఆమెకు మిగిలేది 10 డాలర్ల 27 సెంట్లు. ముప్ఫై శాతం తగ్గిస్తే ధర 16 డాలర్ల 80 సెంట్లు అవుతుంది. మైనం ధర తగ్గదు, పెట్టె ధర తగ్గదు. మిగిలేది 3 డాలర్ల 75 సెంట్లు. పది కొవ్వొత్తులమీద వచ్చే ఆదాయం రావాలంటే ఇప్పుడు ఇరవై ఎనిమిది అమ్మాలి. ‘తపాలా ఉచితం’ అని కూడా రాసి, పార్సెలుకు ఆరు డాలర్లు తానే భరిస్తే, అమ్మిన ప్రతి కొవ్వొత్తికీ రెండు డాలర్ల పావు ఎదురు పెట్టుకోవలసి వస్తుంది.

పెద్ద దుకాణానికి ఈ లెక్క వర్తించదు. అక్కడ చవకగా ఇచ్చే వస్తువు గాలానికి గుచ్చిన ఎర వంటిది. దానికోసం వచ్చినవాడు మరో నాలుగు వస్తువులు పూర్తి ధరకు కొనుక్కుపోతాడు. ఒకే రకం సరకు చేసే ఇంటి దుకాణంలో ఎరా అదే, చేపా అదే. పైగా ముప్ఫై శాతం కోసం వచ్చినవాడు వచ్చే ఏడు ముప్ఫై ఐదు ఇచ్చేవానివద్దకు పోతాడు. అతనిని తప్పుపట్టవలసిన పనిలేదు. అతనికి దారి చూపినది అమ్మినవారే.

ఇంకొక చిక్కు ఉన్నది. సోయా మైనపు కొవ్వొత్తి ఆవకాయవలె మాగాలి. పోసినది పోసినట్టు పంపితే పరిమళం సరిగా పట్టదు. రెండు వారాలైనా అలా ఉంచడం మంచిది. కనుక పండుగనాటి సరకు నవంబరు మొదటి వారానికే పోసి ఉండాలి. ఆమె చేయగలిగినవి 120. తగ్గింపు ధరకు మొత్తం అమ్ముడుపోయినా చేతికి వచ్చేది 450 డాలర్లు. మామూలు ధరకు వచ్చేపాటి ఆదాయం తగ్గింపులో రావాలంటే సుమారు 330 పోయాలి. అంత మైనం ఆ గదిలో పట్టదు. అమ్మేవారి శక్తికి మించిన గిరాకీ వరం కాదన్న సంగతి వ్యాపార సలహాలిచ్చేవారు సాధారణంగా చెప్పరు.

ఇక్కడ ఆమెకు అక్కరకు వచ్చేది ఏ వ్యాపార పాఠశాలలోనూ నేర్చినది కాదు. విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్టులో తల్లి వెంట తిరిగిన పిల్లకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు కూడా. కూరలు తూచి సంచిలో వేసిన తరువాత, గుప్పెడు కొత్తిమీరో, రెండు పచ్చిమిరపకాయలో, ఒక కరివేపాకు రెబ్బో పైన పడేసేవాడు అమ్మకందారు. అది కొసరు. ధర రూపాయి తగ్గించమంటే ససేమిరా అనే మనిషి కొసరుకు మాత్రం వెనుదీయడు. ధర తగ్గిస్తే సరకు విలువ తగ్గినట్టు. కొసరు వేస్తే చేయి పెద్దదైనట్టు. అసలుకన్నా కొసరు ముద్దు అన్న సామెత మనుమలను గూర్చి చెప్పుకున్నా, పుట్టినది మాత్రం బజారులోనే అయి ఉండాలి.

అమెరికాకు ఇది తెలియని ఆచారం కాదు. న్యూ ఆర్లియన్స్ నగరంలో దుకాణదారు సరకుతోపాటు ఊరికే ఇచ్చే చిన్న వస్తువును ‘లాన్యాప్’ అంటారు. దక్షిణ అమెరికాలోని కెచువా భాషలో ‘అదనం’ అనే అర్థమున్న మాట స్పానిష్‌లోకి వచ్చి, అక్కడినుండి లూసియానాలో ఫ్రెంచి నోళ్ళలో నలిగి ఆ రూపం దాల్చినది. మార్క్ ట్వేన్ 1883లో అచ్చయిన తన మిసిసిపీ నది గ్రంథంలో ఆ మాటను ముచ్చటపడి ప్రస్తావించాడు. రొట్టెలవాడు డజనుకు పదమూడు ఇచ్చే పాత ఆంగ్ల ఆచారమూ ఈ కోవలోనిదే.

కొసరు లెక్క కూడా ఆమె కాగితంమీద వేసినది. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద రేకు డబ్బీలో, జనవరిలో అమ్మదలచిన కొత్త పరిమళంతో ఒక చిన్న కొవ్వొత్తి. ఖర్చు డాలరు పావు. అప్పుడు పూర్తి ధరకు అమ్మిన కొవ్వొత్తిమీద 9 డాలర్ల 2 సెంట్లు మిగులుతుంది. పదింటి ఆదాయానికి పన్నెండు అమ్మితే చాలు. 120 అమ్మితే 1,082 డాలర్లు. ఒక షరతు మాత్రం ఉన్నది: కొసరును ముందుగా దండోరా వేయరాదు. చెప్పి ఇచ్చినది ధరలో భాగమైపోతుంది.

కొనేవారు ఎక్కడినుండి రావాలి? ఆ వారంలో ప్రకటనల స్థలానికి పెద్ద కంపెనీలన్నీ పోటీపడతాయి కనుక దాని ధర ఆకాశానికి పోతుంది. చిన్న దుకాణం ఆ వేలంపాటలో నిలబడలేదు. ఆమె ఆస్తి అంతా, తన జాబులు అందుకోవడానికి ఇష్టపడి చిరునామాలిచ్చిన పాత ఖాతాదారుల జాబితా. పండుగకు ముందు సోమవారమో మంగళవారమో వారికి ఒక ఈ-మెయిల్ పోవాలి. బుధవారానికి జనం ప్రయాణాలలోనూ, గురువారం వంటలలోనూ ఉంటారు. ఆ జాబు ఇంతకన్నా పెద్దది కానక్కరలేదు: “నిరుడు మీరు దాల్చినచెక్క పరిమళం తీసుకున్నారు. ఈసారి అవి నలభై మాత్రమే పోశాను. శుక్రవారం అందరికంట పడేలోగా మీకు చెబుదామని రాస్తున్నాను. మీవంటివారి వల్లనే ఈ దుకాణం మరో ఏడాది నిలిచినది.” గురువారంనాడు ఏదైనా రాయదలిస్తే కృతజ్ఞత మాత్రమే రాయాలి, దాని కింద కొనుగోలు మీట పెడితే పైన రాసినదంతా అబద్ధమవుతుంది.

ఇక చట్టం సంగతి. వ్యాపార ఈ-మెయిల్ జాబులపై 2003లో చేసిన చట్టం ప్రకారం, పంపేవారి తపాలా చిరునామా అందులో ఉండాలి. ఇక వద్దన్నవారి పేరు పది పనిదినాలలోగా తీసివేయాలి. అక్టోబరులో ధర పెంచి నవంబరులో తగ్గించినట్టు చూపడాన్ని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మోసపు ధరగానే పరిగణిస్తుంది. పోస్టు ద్వారా సరకు పంపేవారికోసం 1975లో వచ్చిన నియమం ఇప్పుడు ఇంటర్నెట్ అమ్మకాలకూ వర్తిస్తున్నది: చెప్పిన గడువులో పంపాలి, గడువు చెప్పకపోతే ముప్ఫై రోజులలో పంపాలి, ఆలస్యమైతే ఆ మాట తెలిపి, కావాలంటే డబ్బు వాపసు తీసుకొమ్మనాలి. పండుగ 22వ తేదీకి వచ్చిన 2018 వంటి ఏట క్రిస్‌మస్‌కు 33 రోజులు ఉంటాయి. 28న వచ్చిన 2024 వంటి ఏట 27 మాత్రమే. రోజులు తగ్గినకొద్దీ, ఇచ్చిన మాట తప్పే ప్రమాదం పెరుగుతుంది.

ఎదురు దారి తొక్కిన పెద్ద సంస్థలూ లేకపోలేదు. 2011 బ్లాక్ ఫ్రైడేనాడు పటగోనియా అనే దుస్తుల కంపెనీ తన కోటు బొమ్మ వేసి, దీనిని కొనవద్దని న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ప్రకటన ఇచ్చినది. అదీ ప్రకటనే కదా అన్నవారి మాటలో నిజం ఉన్నది. 2015లో ఆర్.ఇ.ఐ. అనే సహకార సంస్థ ఆ రోజు దుకాణాలన్నీ మూసి, ఉద్యోగులకు జీతంతో సెలవిచ్చినది. ఇది మరికాస్త ఖరీదైన నిజాయితీ. ఎడిసన్ ఇల్లాలికి ఇటువంటి విలాసాలు అందుబాటులో లేవు. ఆమెకు నవంబరు, డిసెంబరు నెలలు తప్పితే ఏడాదిలో చెప్పుకోదగిన వ్యాపారమే లేదు.

లెక్క కాగితంమీద కుదిరినంత మాత్రాన సరకు అమ్ముడుపోతుందని లేదు. మొదటి జాబుకు మంగళవారంనాడు పదకొండు ఆర్డర్లే వచ్చినవనుకుందాము. భర్త ఏమీ అనకుండా రెండుసార్లు కంప్యూటరు వంక చూసిపోతాడు. శుక్రవారం ఉదయం అందరి దుకాణాలలోనూ తగ్గింపులు మెరుస్తుండగా, ముప్ఫై శాతం అన్న నాలుగు అక్షరాలు రాయడానికి ఆమె చేయి ఒకసారి పోయి వెనక్కి వస్తుంది. శనివారం పాత ఖాతాదారు ఒకామె ఆరు కావాలని రాస్తుంది. ఆఫీసులో తోటివారికి ఇవ్వడానికట. కార్యాలయపు బహుమతులన్న ఆలోచన అంతవరకు ఆమెకు తట్టనే లేదు. తక్కిన పాతవారికీ ఆ సంగతే రెండు ముక్కలలో రాస్తుంది. సోమవారం రాత్రికి అరలో ఏడు మిగులుతాయి.

“ఆర్డర్లు తీసుకుంటూ పో. ఈ రాత్రే పోసేస్తే సరిపోదా?” అంటాడు భర్త.

ఆమె వేళ్ళమీద రోజులు లెక్కపెడుతుంది. పోయడం, రెండు వారాలు మాగడం, పెట్టె కట్టడం, క్రిస్‌మస్ రద్దీలో తపాలా. మిగిలిన ఏడూ పోగానే దుకాణం గడపమీద రాయవలసిన వాక్యాన్ని సిద్ధం చేస్తుంది: క్రిస్‌మస్‌కు అందగల సరకు అయిపోయినది, తదుపరివి జనవరిలో. ఆపైన మైనం కరగించే గిన్నె కడిగి, బోర్లించి, రేపు పంపవలసిన పెట్టెలలో ఒక్కొక్క రేకు డబ్బీ వేయడానికి కూర్చుంటుంది.