గురుబరపల్లి నుంచి హమమత్సుకి

బెంగళూరు నుంచి సేలం వైపు బస్సులో పోయినవాళ్ళంతా మా ఊరిని చూసే ఉంటారు, కాని చూశామని ఎరుగరు. హోసూరు దాటి, శూలగిరి కొండ వెనకబడి, కృష్ణగిరి ఇంకా రాకముందు, రోడ్డుకు ఆనుకొని ఉండే ఊరు గురుబరపల్లి. మా చిన్నప్పుడు ఆ రోడ్డుకు 7వ నంబరు జాతీయ రహదారి అని పేరు. కాశీలో బయలుదేరి కన్యాకుమారి చేరేది. 2010లో నంబర్లు మార్చినప్పుడు అది 44 అయింది, ఇప్పుడు శ్రీనగరులో మొదలవుతుంది. మా జిల్లా కూడా మారింది. ధర్మపురి జిల్లాలో ఉన్నవాళ్ళం 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి జిల్లావాళ్ళమయ్యాం. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. అవే మామిడితోపులు, అదే వేపనపల్లి దారి, ఆ దారిన పోతే దగ్గర్లోనే ఆంధ్ర సరిహద్దు. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, పెండ్లికి వచ్చిన చుట్టాలతో కన్నడం. మూడు భాషలు మాకు మూడు గదులున్న ఇల్లు వంటివి, ఒకదాన్నుంచి ఇంకొకదానికి గడప దాటినట్టే తెలియదు.

మా ఊరి పేరుతో ఒక చిక్కుంది. తమిళ లిపిలో 'క'కూ 'గ'కూ ఒకటే అక్షరం. అందుచేత తమిళంలో రాసిన బోర్డును చూసి కొందరు 'కురుబరపల్లి' అంటారు, కొందరు 'గురుబరపల్లి' అంటారు. ఇంగ్లీషులో రాసేటప్పుడు రాసేవారి చెవిని బట్టి ఒక్కొక్క కాగితంలో ఒక్కొక్క రకం. ఊళ్ళో ఉన్నంతకాలం దీనితో ఎవరికీ పని పడదు. సముద్రం దాటాలనుకున్నప్పుడు పడుతుంది. ఆ సంగతే మీతో చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఈ పత్రిక చదివే ఇళ్ళల్లో చాలామందికి పిల్లలు విదేశాల్లో ఉన్నారు, మీకూ ఎప్పుడో ఒకప్పుడు పనికి రావచ్చు.

నేను బడిపంతులమ్మగా పనిచేసి రిటైరయినదాన్ని. బడికి పోయి రావడానికని కారు నేర్చుకున్నాను. మా పక్క బండి 'నడపడం' అనం, 'తోలడం' అంటాం. ఎద్దులబండి తోలిన నోటితోనే లారీ తోలాం, కారూ తోలాం. మా అల్లుడికి జపానులో హమమత్సు అనే ఊళ్ళో ఉద్యోగం. సుజుకి కంపెనీ పుట్టిల్లు ఆ ఊరే. 1983లో మన దేశంలో వచ్చిన మారుతి 800 వెనక ఉన్నది ఆ కంపెనీయే. 1980లలో మా హోసూరులో టి.వి.ఎస్.తో కలిసి మోటారు సైకిళ్ళు చేసిందీ అదే, 2001లో విడిపోయారు. కాబట్టి ఆ పేరు మాకు కొత్త కాదు. అల్లుడిది విడిభాగాలు చేసే వేరొక చిన్న కంపెనీ. వారం మార్చి వారం రాత్రి షిఫ్టు.

2023లో మా అమ్మాయికి రెండో కాన్పు. సెప్టెంబరు నెలాఖరుకు నెలలు నిండుతాయన్నారు. రక్తపోటు ఎక్కువగా ఉందని డాక్టరు ఆమెను కారు తోలవద్దన్నారు. ఇల్లు ఊరి చివర, బస్సు గంటకొకటి, సాయంత్రమయితే అదీ లేదు. పెద్దబిడ్డకు నాలుగేండ్లు, వాణ్ణి శిశువిహారంలో దించి తేవాలి. అమ్మాయి ఫోనులో, "అమ్మా, నువ్వు వచ్చి వండిపెట్టేదానికన్నా కారు తోలితే నాకు ఎక్కువ ధైర్యం" అంది. పురుటికి పోయే తల్లులు కారం, పసుపు, ఇంగువ, మిరియాలు మూట కట్టుకుంటారు. నేను వాటితోబాటు లైసెన్సు కూడా తీసుకుపోవాల్సి వచ్చింది.

మన లైసెన్సు ఒక్కటే చాలదు. జపాను 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చిన అంతర్జాతీయ డ్రైవింగు పర్మిటును మాత్రమే ఒప్పుకుంటుంది. ఎదురింటి లారీ డ్రైవరు ఈ మాట విని, "ఏమక్కా, మేము కాశ్మీరం దాకా ఈ కార్డుతోనే తోల్తిమి. నీకేమి ఇంకొక పుస్తకం?" అన్నాడు. "కాశ్మీరం దాకా ఒకటే ప్రభుత్వం కదప్పా" అన్నాను.

ఈ పుస్తకానికి నూరేండ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఐరోపాలో మోటారు కార్లు సరిహద్దులు దాటడం మొదలుపెట్టాక 1909లో పారిసులో దేశాలన్నీ కూర్చుని మొదటి ఒప్పందం చేసుకున్నాయి. 1926లో అక్కడే మరొకటి, 1949 సెప్టెంబరు 19న జెనీవాలో ఇంకొకటి, 1968లో వియన్నాలో వేరొకటి కుదిరాయి. జెనీవా ఒప్పందంలో మన దేశం ఉంది. ఇందులో తెలుసుకోవలసిన ముఖ్య విషయం ఏమంటే, ఈ పర్మిటు కొత్తగా ఏ అర్హతా ఇవ్వదు. మన ఊళ్ళో మనకున్న లైసెన్సును పరాయి దేశపు పోలీసుకు అర్థమయ్యేలా చేసిన అనువాదం, అంతే. అందుకే రెండూ చేతిలో ఉండాలి. అసలు లైసెన్సు ఇంట్లో పెట్టి పర్మిటు ఒక్కటే తీసుకుపోతే మూలం లేని అనువాదం అవుతుంది.

మన దేశంలో దీన్ని ఇచ్చేది మనం ఉండే ప్రాంతపు ఆర్.టి.ఓ. ఆఫీసు. మా పక్క కృష్ణగిరి బండ్ల మీద టి.ఎన్. 24 అనీ, హోసూరు బండ్ల మీద టి.ఎన్. 70 అనీ ఉంటుందే, ఆ ఆఫీసులే. ఫారం 4-ఎ నింపి, లైసెన్సు, పాస్‌పోర్టు నకళ్ళు, ఫోటోలు జతచేసి 1000 రూపాయల రుసుము కట్టాలి. కేంద్ర ప్రభుత్వపు 'సారథి' ద్వారా కంప్యూటరులోనూ దరఖాస్తు పెట్టవచ్చు. వైద్య సర్టిఫికెట్టు, ముందుగానే వీసా ఉండాలన్న షరతులను 2021 జనవరిలో తీసేశారు. విదేశంలో ఉండగా గడువు తీరితే అక్కడి మన రాయబార కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టుకునే వీలు కూడా అప్పుడే కల్పించారు. అంతకుముందు ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్క సైజులో, ఒక్కొక్క రంగులో ఇచ్చేది. 2022 ఆగస్టులో దేశమంతటికీ ఒకే నమూనా చేసి, లైసెన్సుతో ముడిపడే క్యూ.ఆర్. గుర్తు పెట్టారు. పర్మిటు ఒక ఏడాదికి మించి చెల్లదు. లైసెన్సు గడువు ఆలోగానే తీరితే పర్మిటూ అక్కడితో సరి.

ఇక చిక్కు ఎక్కడ వచ్చిందో చెబుతాను. తమిళనాడులో మనకు ఇంటిపేరు రాసుకునే అలవాటు పోయింది. తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనిషియల్. నా లైసెన్సులో ఇనిషియల్‌తో పేరు ఉంది. పాస్‌పోర్టులో ఆ ఇనిషియల్‌ను విడదీసి మా నాన్నగారి పేరు పూర్తిగా రాశారు. లైసెన్సులో ఊరు 'కు'తో, పాస్‌పోర్టులో 'గు'తో. ఆఫీసులో కాగితాలు చూసిన చిన్నమ్మాయి తమిళంలో, "అమ్మా, పర్మిటు లైసెన్సును చూసి అచ్చవుతుంది. ఆ దేశంలో దాన్ని పాస్‌పోర్టు పక్కన పెట్టి చూస్తారు. ముందు లైసెన్సులో పేరు సరిచేయించుకోండి, తరువాత దీనికి పెట్టండి" అంది. నేను మా వారితో తెలుగులో మాట్లాడటం విని, "మీరు తెలుగువాండ్లా? మా అవ్వ ఇంట్లో తెలుగేనమ్మా" అని నవ్వింది. ఫారాలు తానే వెతికి ఇచ్చింది.

లైసెన్సులో పేరు మారాలి, కొత్త కార్డు రావాలి, ఆపైన పర్మిటు. జూన్ ఆఖరులో మొదలుపెట్టిన పని ఆగస్టు మొదటివారానికి గాని తెమల్లేదు. విమానం టికెట్టు ఆగస్టు 20కి. ఆ ఐదారు వారాలూ పోస్టుమేను గొంతు వినిపిస్తే చాలు, వాకిట్లోకి పరుగెత్తేదాన్ని. చివరికి వచ్చింది, అరచేయంత పుస్తకం. ఎ, బి, సి, డి, ఇ అని వాహనాల తరగతులు, నాకు కారుకు సంబంధించిన 'బి' దగ్గర ముద్ర. ఇంగ్లీషు, ఫ్రెంచి వంటి భాషల్లో అవే వివరాలు మళ్ళీ మళ్ళీ. మా వారు తిరగేసి చూసి, "ఇన్ని భాషలున్నాయి, మన తెలుగు ఒక్కటే లేదు" అన్నారు.

హమమత్సుకు టోక్యో నుంచి బుల్లెట్ రైలులో రెండు గంటలు కూడా పట్టదు. ఊరి పక్కనే హమన అనే పెద్ద సరస్సు. జపానులో కూడా మనలాగే ఎడమవైపు తోలతారు, స్టీరింగు కుడిపక్కనే ఉంటుంది. అమెరికాకో జర్మనీకో పోయినవాళ్ళు పడే తికమక నాకు లేదు. నేర్చుకోవలసినవి వేరే ఉన్నాయి. తలకిందులుగా ఉన్న ఎర్ర త్రికోణం మీద 'తొమరె' అని రాసి ఉంటే ఆగాలి. మెల్లగా పోవడం కాదు, చక్రం పూర్తిగా నిలవాలి. రైలు పట్టాలు దాటేముందు గేటు తెరిచి ఉన్నా సరే ఆగి చూడాలి. ఎర్రదీపం ఉంటే ఎడమకు తిరగడానికి కూడా వీల్లేదు. ఆరేండ్లలోపు పిల్లలకు ప్రత్యేకమైన సీటు తప్పనిసరి. హారను మాత్రం ఎవరూ కొట్టరు. 44వ నంబరు రోడ్డు పక్కన పుట్టి పెరిగినదానికి ఆ నిశ్శబ్దం అలవాటు కావడానికే వారం పట్టింది.

కారెక్కే ముందు ఇంకొక పని చేయాలి, ఇది చాలామందికి తట్టదు. అల్లుడి బీమా పాలసీలో భార్యాభర్తలు తోలితేనే చెల్లుతుందని ఉంది. అతను ఫోను చేసి ఆ షరతు తీసేయించాడు, కొంచెం డబ్బు అదనంగా కట్టాడు. వాళ్ళు నా పేరు, ఊరు పర్మిటులో ఉన్నట్టే అడిగి వాళ్ళ లిపిలో రాసుకున్నారు. ఆ లిపిలో ఒక విశేషం ఉంది. 'కు' అక్షరం మీద రెండు చిన్న గీతలు పెడితే 'గు' అవుతుంది. "అత్తా, ఇక్కడ మన ఊరి పేరు సరిగ్గా రాయొచ్చు" అన్నాడు అల్లుడు.

సెప్టెంబరు 9, శనివారం రాత్రి. వాన. అల్లుడిది రాత్రి షిఫ్టు. పదకొండున్నరకు అమ్మాయి లేపింది, ఉమ్మనీరు పోయింది. ఇంకా నెలలు నిండలేదు. ఆసుపత్రికి ఫోను చేస్తే నర్సు, సొంత కారు ఉంటే వెంటనే బయలుదేరి రమ్మంది. అల్లుడు ఫ్యాక్టరీ నుంచి ఇల్లు చేరడానికి నలభై నిమిషాలు, అక్కడినుంచి ఆసుపత్రికి మళ్ళీ ఇరవై. పెద్దవాణ్ణి నిద్రలోనే ఎత్తి వెనక సీటులో కట్టాను. అమ్మాయి పక్కన కూర్చుని ప్రతి మలుపుకూ ముందుగా చెబుతూనే ఉంది. నొప్పి వచ్చినప్పుడు మాట ఆగేది, తగ్గగానే "ఎడమకమ్మా" అనేది. రోడ్డు మీద పురుగు లేదు. అయినా ప్రతి 'తొమరె' దగ్గరా ఆగాను, రైలు పట్టాల దగ్గరా ఆగాను. ఆ అరనిమిషాలు ఎంత పొడుగో ఏ తల్లికీ చెప్పనక్కరలేదు. పన్నెండుం పావుకు ఆసుపత్రి వాకిట్లో నర్సులు చక్రాల కుర్చీతో నిలబడి ఉన్నారు. తెల్లవారుజామున ఆపరేషను చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. బరువు తక్కువని తొమ్మిది రోజులు గాజుపెట్టెలో ఉంచారు. ఆ తొమ్మిది రోజులూ అమ్మాయి పిండిన పాలు పొద్దునా సాయంత్రమూ ఆసుపత్రికి చేర్చింది నేనే.

జపానులో బిడ్డ పుట్టిన 14 రోజుల్లోగా నగర కార్యాలయంలో పేరు రాయించాలి. అల్లుడు ఫారం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. "అత్తా, పాపకు ఇనిషియల్ వద్దు. నీ కాగితాలతో పడ్డ పాట్లు చూస్తిమి కదా. ఇంటిపేరే రాస్తాం. మొదట తెలుగులో ఎట్ల రాయాలో రాసి ఇయ్యి" అన్నాడు. మూడు తరాలుగా మా రెండు కుటుంబాల్లోనూ శుభలేఖల్లో తప్ప ఎక్కడా రాయని ఇంటిపేరు. నేను తెలుగులో రాసి ఇచ్చాను, అతను దాన్ని పలికి చూసుకుంటూ జపాను అక్షరాల్లో దించాడు.

మీలో ప్రయాణం పెట్టుకున్నవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. టికెట్టు కొనకముందే లైసెన్సూ పాస్‌పోర్టూ పక్కపక్కన పెట్టి, పేరు, పుట్టిన తేదీ, గడువు అక్షరం అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే మూడు నెలల ముందే పని మొదలుపెట్టండి. పోయే దేశం ఈ పుస్తకాన్ని ఒప్పుకుంటుందో లేదో కనుక్కోండి. చైనాలో ఇది చెల్లదు. బ్రిటనులో సందర్శకులు మన లైసెన్సుతోనే 12 నెలలు కారు తోలవచ్చు. అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రానిది ఒక్కొక్క చట్టం. బీమాలో మీ పేరు చెల్లుతుందా అని పిల్లల్ని అడగండి. వాళ్ళకు గుర్తుండకపోవచ్చు. ఇంకొక మాట, ముఖ్యంగా ఆడవాళ్ళకు. కారు తోలడం వచ్చీ పిల్లల ఇంటికి పోయినప్పుడు "మాకెందుకులే" అని వెనక సీటులో కూర్చోకండి. వెయ్యి రూపాయల పుస్తకం. అవసరం పడకపోతే మంచిదే. పడితే, ఆ రాత్రి దానికి ఇంకేదీ బదులు కాదు.