కంట్రోల్ ఫైలు, స్కంధాంత గద్య

కొత్త పుస్తకం చేతికి రాగానే నేను ముందు రెండో పేజీ చూస్తాను. తొలి ముద్రణ ఎప్పుడు, హక్కులు ఎవరివి, ముఖచిత్రం ఎవరు వేశారు, ప్రతులకు ఎవరిని అడగాలి, అన్నీ అక్కడే ఉంటాయి. అప్పుడప్పుడూ సమీక్షలు రాయడం మొదలుపెట్టాక ఈ అలవాటు ఇంకా ముదిరింది. సాఫ్ట్‌వేర్‌కి కూడా అలాంటి పేజీ ఒకటి ఉంటుంది. ఉద్యోగం అందులోనే అయినా ఆ పేజీలను వందల కొద్దీ వరసపెట్టి చదవాల్సిన పని మాత్రం ఈమధ్యే పడింది.

మేం తయారుచేసి ఇచ్చే సర్వర్‌లో బయటివాళ్ళు రాసిన ప్యాకేజీలు ఏమేం వాడామో జాబితా ఇమ్మని ఒక క్లయింటు అడిగారు. నింపాల్సిన షీటు కూడా వాళ్ళే పంపారు. అందులో నాలుగు కాలమ్‌లు: పేరు, వెర్షన్, లైసెన్సు, ఆథర్. ప్యాకేజీలు ఐదారు వందలు. చేత్తో నింపే పని కాదు కనక పైథాన్‌లో ప్రోగ్రాము రాయడానికి కూర్చున్నాను.

మా సర్వర్ నడిచేది డెబియన్ మీద. 1993లో దీన్ని మొదలుపెట్టిన ఇయన్ మర్డాక్, అప్పటి తన స్నేహితురాలు డెబ్రా పేరునీ తన పేరునీ కలిపి దానికి ఆ పేరు పెట్టాడు. దాని ప్యాకేజీ ఫైలు పేరు చివర ‘డెబ్’ అని ఉంటుంది. విప్పి చూస్తే అది పాతకాలపు యూనిక్స్ మూట. మొదటి ఎనిమిది బైట్లూ ఎప్పుడూ ఒకటే గుర్తు. ఆ తర్వాత మూటలోని ఒక్కో వస్తువు ముందూ అరవై బైట్ల చీటీ ఉంటుంది. పేరుకు పదహారు, తేదీకి పన్నెండు, పరిమాణానికి పది, ఇలా గళ్ళు కొలిచి పెట్టారు. పరిమాణం కూడా మామూలు అంకెల్లోనే రాసి ఉంటుంది. ఆ అంకె చదివి, అన్ని బైట్లు దాటితే తర్వాతి చీటీ దొరుకుతుంది. పరిమాణం బేసిసంఖ్య అయితే ఒక బైటు అదనంగా దాటాలి, అంతే.

మూటలో మూడే వస్తువులు. మొదటిది రెండు పాయింట్ సున్నా అని మాత్రమే రాసి ఉన్న చిన్న ఫైలు, ఈ మూట కట్టిన పద్ధతికి వెర్షన్ అది. రెండోది కంట్రోల్ మూట, మూడోది అసలు సరుకు. మనకు కావలసిన పేజీ రెండో మూటలో ‘కంట్రోల్’ అనే ఫైలుగా ఉంటుంది. ఇదంతా చదివిపెట్టే కమాండు ఒకటి ఎలాగూ ఉంది. అయినా పుస్తకం కుట్టు విప్పి చూసే సరదా కొద్దీ నేనే రాశాను. నలభై పంక్తులు కూడా కాలేదు.

కంట్రోల్ ఫైలు మనిషి కూడా హాయిగా చదువుకోగలిగిన కాగితం. ప్యాకేజీ, వెర్షన్, ఆర్కిటెక్చర్, మెయింటెయినర్, డిపెండ్స్, డిస్క్రిప్షన్. పంక్తి ఖాళీజాగాతో మొదలైతే అది పై పంక్తికి కొనసాగింపు. వివరణ మధ్యలో ఖాళీ పంక్తి కావాలంటే అక్కడ ఒక్క చుక్క పెట్టాలి, లేకపోతే ప్రోగ్రాము అక్కడితో అయిపోయిందనుకుంటుంది.

పేరు, వెర్షన్ కాలమ్‌లు నిమిషంలో నిండాయి. చిక్కు మిగతా రెండింటితో వచ్చింది. కంట్రోల్ ఫైలులో లైసెన్సుకి గడి లేదు. ఆథర్‌కీ లేదు. ఉన్నది మెయింటెయినర్. అంటే ఆ సాఫ్ట్‌వేర్‌ని డెబియన్‌కి తగినట్టు మూటకట్టి, తప్పులొస్తే జవాబు చెప్పే మనిషి. అసలు రాసినవాళ్ళు వేరే ఎవరో అయివుండొచ్చు, తరచూ వేరేవాళ్ళే.

మా టీములో కుర్రవాడు తేలిగ్గా తేల్చేశాడు. “అన్నా, ఆథర్ కాలమ్‌లో మెయింటెయినర్ పేరే పెట్టేద్దాం. ఖాళీగా ఉంటే మళ్ళీ మెయిల్ పెడతారు. ఎవరు చూస్తారు చెప్పండి!”

ఎవరు చూస్తారన్నది నిజమే. కానీ జాబితా పైనుంచి కిందికి చూస్తుంటే ఒక వరస దగ్గర ఆగాను. ఆ సర్వర్ తెలుగులో రసీదులు కూడా తయారుచేస్తుంది, అందుకని తెలుగు ఫాంట్ల ప్యాకేజీ ఒకటి వేసుకున్నాం. అందులో ఉన్నవి పోతన, వేమన ఫాంట్లు. మెయింటెయినర్ దగ్గర డెబియన్ ఫాంట్ల బృందం పేరు ఉంది. మా వాడు చెప్పినట్టు చేస్తే, ఆ అక్షరాలు గీసింది ఆ బృందమని మేం సంతకం పెట్టి ఇచ్చినట్టవుతుంది.

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్ కంప్యూటర్‌లో తెలుగు పేజీ తెరిస్తే వరసగా డబ్బాలు కనిపించేవి. ఎవరో చెబితే పోతన ఫాంటు వేసుకున్నాను. డబ్బాలు అక్షరాలయ్యాయి. ఇవాళ నేను ఏం చదివినా, ఏం రాసినా దాని వెనక ఆ రోజు ఉంది. ఆ ఫాంటు చేసిన తిరుమల కృష్ణదేశికాచారి గారి పేరు కంట్రోల్ ఫైలులో ఎక్కడా రాదు. అది మూడో మూటలో, సరుకు మధ్యలో, ‘కాపీరైట్’ అనే ఫైలులో ఉంటుంది. అలాంటి ఫైలు ప్రతి ప్యాకేజీలోనూ ఉండి తీరాలని డెబియన్ నియమం. లైసెన్సు దొరికేదీ అందులోనే. ప్రోగ్రాములు చదవడానికి వీలుగా దాన్ని ఒక పద్ధతిలో రాసినవాళ్ళు కొందరైతే, మామూలు వాక్యాల్లో రాసి వదిలేసినవాళ్ళు కొందరు. రెండో రకాన్ని కూర్చుని మనమే చదవాలి.

ఫాంటు పేరు పోతన కావడం వల్లనేమో, నాకు భాగవతం గుర్తొచ్చింది. అట్ట మీద పోతన భాగవతం అనే ఉంటుంది, మనం అనేదీ అదే. కానీ అయిదో స్కంధం గంగనది, ఆరోది ఏర్చూరి సింగనది, పదకొండు, పన్నెండు వెలిగందల నారయవి. ఆ సంగతి అట్ట చెప్పదు. ప్రతి స్కంధం చివరా వచ్చే గద్య చెబుతుంది. ఫలానావారి కొడుకు, ఫలానా పేరుగలవాడు రచించిన ఈ గ్రంథంలో ఇది ఇన్నో స్కంధం, అని ఒకే మూసలో సాగే వాక్యం. పద్యాల మోజులో ఉన్న పాఠకుడు దాన్ని దాటేసి పోతాడు, నేనూ చాలాసార్లు పోయాను. ఆ మూసవాక్యమే లేకపోతే గంగన అనే కవి పోతన పేరులో కలిసిపోయేవాడు.

నారయ గద్యలో ఇంకో ముక్క కూడా ఉంది. తాను పోతనకు ప్రియశిష్యుణ్ణని చెప్పుకుంటాడు. నేను ఎవరి మీద ఆధారపడి నిలబడ్డానో రాసిపెట్టుకోవడం అది. కంట్రోల్ ఫైలులో డిపెండ్స్ అనే గడి చేసేదీ అదే పని. ఇవి లేకుండా నేను నడవను, వీటిలో ఫలానా వెర్షన్‌కి తగ్గితే పనికిరాదు, అని పేరుపేరునా ఒప్పుకోలు. మన పుస్తకాల ముందుమాటల్లో కృతజ్ఞతలు మర్యాద కోసం చెప్పేవి కూడా ఉంటాయి. ఇక్కడ ఒక్క పేరు మరిచిపోతే ప్రోగ్రామే లేవదు.

మిగతా రకాల ప్యాకేజీల్లో గళ్ళు వేరు. ఆర్‌పీఎంలో లైసెన్సుకి గడి ఉంది. పైథాన్ వీల్ అనేది ఉత్త జిప్ ఫైలు, దాని ‘మెటాడేటా’లో ఆథర్, మెయింటెయినర్ రెండూ వేరువేరుగా ఉంటాయి. కాకపోతే రాసినవాళ్ళు నింపకపోతే పాత పనిముట్లు అక్కడ ‘అన్‌నోన్’ అని తామే రాసేవి. ఆథర్ పేరు అన్‌నోన్ అని నా జాబితాలో పదుల సార్లు వచ్చింది. చాటువుల కింద ‘అజ్ఞాత కవి’ అని చూడటం మనకు అలవాటే, కానీ ఇక్కడ మనిషి ఎక్కడో బతికే ఉండి ఉంటాడు. డెబియన్‌లో ఎవరూ పట్టించుకోని ప్యాకేజీని అనాథ అనే అంటారు, దాని మెయింటెయినర్ గడిలోకి నాణ్యత చూసే బృందం పేరు వస్తుంది. అలాంటివీ కొన్ని తగిలాయి.

చివరికి షీటులో ఆథర్ కాలమ్‌ని రెండుగా చీల్చాను. ఒకటి రాసినవారు, రెండోది చూసుకుంటున్నవారు. పక్కన ఆ పేరు ఏ ఫైలులో దొరికిందో చెప్పే ఇంకో కాలమ్. దొరకని చోట ఖాళీగానే ఉంచాను. ప్రోగ్రాము ఒక పూటలో అయిపోయింది, కాపీరైట్ ఫైళ్ళు చదవడానికి వారం పట్టింది. మా కుర్రవాడు రెండు రోజులు సణిగాడు గానీ, మూడో రోజు నుంచి తనే వచ్చి “అన్నా, దీన్ని రాసినాయన ఒక్కడే, ఇరవై ఏళ్ళుగా ఆయనే చూసుకుంటున్నాడు” అని చూపించడం మొదలుపెట్టాడు.

అనుకున్నట్టే క్లయింటు నుంచి మెయిల్ వచ్చింది. కొన్ని గళ్ళు ఎందుకు ఖాళీగా ఉన్నాయని అడిగారు. రాసినవారు తమ పేరు ఎక్కడా చెప్పుకోలేదు, అందుకని, అని జవాబిచ్చాను. పోతన ఫాంటు వరస గురించి మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. అక్కడ అన్ని గళ్ళూ నిండే ఉన్నాయి.