బీరువాలో సర్టిఫికెట్లు

అవనిగడ్డ దగ్గర మా పేటలో నాలుగిళ్ళకో నర్సమ్మ. చీమూ నెత్తురూ కడిగే పని అంటు అని వాళ్ళు వదిలేస్తే మనాడోళ్ళు అందుకున్నారు. మన చేతి మంచినీళ్ళు ముట్టనోళ్ళే అదే చేత్తో సెలైన్ పెట్టించుకుంటారు.

మా చెల్లి జీఎన్ఎం చేసి గుడివాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తోంది. నెలకి 9 వేలు. రాత్రి 30 మందికి తనొక్కతే. 2016లో సుప్రీంకోర్టు చెప్తే వేసిన కమిటీ, 50 పడకల్లోపు ఆసుపత్రైనా 20,000కి తగ్గొద్దంది. సిఫార్సే కదా అంటాడు మేనేజరు.

బందరు ప్రభుత్వాసుపత్రిలో కాంట్రాక్టు పోస్టు చూసుకోమంటుంది అమ్మ, ఇంటికి దగ్గరని. ఏడాదికోసారి రెన్యువల్ భయం ఎందుకు, అప్పు చేసైనా జర్మన్ నేర్చుకుని వెళ్ళమన్నాను నేను. అమ్మ అలిగింది. తేల్చుకోవాల్సింది చెల్లి. ఏ దారైనా ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలి. అవి ఆ ఆసుపత్రి బీరువాలో ఉన్నాయి.

సోమవారం అడగడానికి వెళ్తున్నాం. వచ్చేవాళ్ళు పదింటికి గుడివాడ బస్టాండులో కలవండి.