ముందు మంచం, తర్వాత కార్డు

గోదావరిఖనిలో పిల్లల వార్డు కౌంటర్ ముందుకు ఒక కుటుంబం వచ్చిందంటే, ఇంటిపెద్ద ఏం పని చేస్తాడో వాళ్ల చేతిలోని కాగితమే చెప్పేస్తుంది. సింగరేణిలో పర్మినెంట్ కార్మికుడైతే కంపెనీ వైద్యం ఉంటుంది. వాళ్లు ఎక్కువగా కంపెనీ ఏరియా ఆస్పత్రికే పోతారు. అదే బొగ్గు బాయి మీద కాంట్రాక్టు కింద పనిచేసేవాడి కాగితం వేరు. ఆటో తోలేవాళ్లకు, కూరగాయలు అమ్మేవాళ్లకు ఆరోగ్యశ్రీ. పెద్దపల్లి చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో పనికి ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి వచ్చేవాళ్లకు రేషన్ కార్డు ఉన్నా అది వాళ్ల రాష్ట్రానిది.

ఒకే బొగ్గు చుట్టూ బతికే ఇళ్లలో ఇన్ని రకాల కాగితాలు. పెద్దవాళ్లు ఈ తేడాలకు అలవాటు పడిపోయారు. ఆయాసంతో వచ్చిన ఏడాది బిడ్డకు మాత్రం నాయిన మస్టర్ ఏ రిజిస్టర్లో పడుతుందో తెలియదు. ఆ తేడా కౌంటర్ దగ్గరే ఆగిపోవాలి, మంచం దాకా రాకూడదు. పిల్లల ఆస్పత్రిలో పరిపాలన చూసేవాడి పని ఏమిటని ఎవరడిగినా నేను చెప్పేది ఇదే.

నేను డాక్టర్ని కాను. సూది పట్టను, మందు రాయను. అయినా పిల్లల వైద్యంలో కొంత భాగం డాక్టరు వచ్చేలోపే జరగాలి, అది మా చేతుల్లో ఉంటుంది. రెండు నెలల్లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, ఏడాదిలోపు బిడ్డ 50 సార్లు, ఐదేళ్లలోపు బిడ్డ 40 సార్లు, లేదా అంతకు మించి ఊపిరి తీస్తుంటే న్యుమోనియా అని అనుమానించాలి. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క. మా కౌంటర్లో కూర్చునేవాళ్లకు ఈ మూడు అంకెలూ నోటికి వచ్చు. పేరు, ఊరు అడగడానికి ముందే బిడ్డ మీది గుడ్డ తొలగించి, డొక్కలు ఎగరేస్తున్నాడేమో చూడాలి. పెద్దవాళ్లు లైన్లో అరగంట నిలబడగలరు. పసిబిడ్డకు అంత వ్యవధి ఉండదు, తన బాధ తాను చెప్పుకోలేడు.

ఒక వానాకాలం రాత్రి ఒక అవ్వ తొమ్మిది నెలల మనవణ్ని కొంగులో చుట్టుకుని వచ్చింది. "కార్డు ఇంట్ల మర్చిపోయిన బిడ్డా. కోడలు ఎనుక వస్తంది. జర పోరన్ని సూడుండ్రి" అంది. "కార్డు సంగతి పొద్దుగాల చూసుకుందాం అవ్వా, లోపలికి రా" అంటూనే సిస్టర్ బిడ్డను చేతుల్లోకి తీసుకుంది. బొటనవేలికి ఆక్సీమీటర్ తొడిగితే 86 చూపించింది. ముక్కు దగ్గర సన్నని గొట్టం పెట్టి ఆక్సిజన్ తిప్పారు. అంకె 90 దాటి, మెల్లగా 94కు వచ్చింది. అవ్వ అంతసేపూ ఆ అంకెల్నే చూస్తూ నిలబడింది. అవి ఏం చెబుతున్నాయో ఆమెకు తెలియదు, పెరుగుతున్నాయని మాత్రం తెలుసు.

కోడలు వచ్చాక ఇంకో చిక్కు. "వాళ్ల నాయిన బాయిలకు దిగిండు సారూ. ఆయన వచ్చినంక సంతకం పెడతడు" అంది. ఈ మాట మా వార్డులో తరచూ వినిపిస్తుంది. భూగర్భ గనిలోకి అగ్గిపెట్టెలాగే సెల్‌ఫోన్ కూడా తీసుకుపోనివ్వరు. షిఫ్టు ముగిసేదాకా ఆ మనిషి మనకు దొరకడు. అందుకే ప్రతి తల్లినీ కూర్చోబెట్టి చెబుతాం: అమ్మా, నీ సంతకం చాలు, బిడ్డ మీద నీకూ అంతే హక్కు ఉంది. ప్రాణం మీదికి వస్తే ఎవరి సంతకం కోసమూ ఆగక్కర్లేదని చట్టమే చెబుతోంది. తర్వాత గని ఆఫీసుకు ఫోన్ చేసి, పిల్లవాడికి వైద్యం మొదలైంది, షిఫ్టు కాగానే నేరుగా ఆస్పత్రికి రమ్మనండి అని కబురు పెడతాం. ఆ కబురు ఆచితూచి చెప్పాలి. నేల కింద, కప్పు కింద పనిచేస్తున్న మనిషిని బెదరగొట్టకూడదు.

ఇవి కళ్లకు కనిపించే పనులు. కనిపించనివి ఇంకా ఎక్కువ. పెద్ద సిలిండర్లో సుమారు 7,000 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 2 లీటర్ల చొప్పున ఒక్క బిడ్డకైతే రెండు రోజులకు పైనే వస్తుంది. అదే ఆరుగురికైతే పది గంటలు కూడా రాదు. సాయంత్రం ఈ లెక్క వేయకపోతే తెల్లవారకముందే సిలిండర్ ఖాళీ అవుతుంది. 2017 ఆగస్టులో గోరఖ్‌పూర్ బీఆర్‌డీ మెడికల్ కాలేజీలో, బకాయిల గొడవ మధ్య ఆక్సిజన్ సరఫరాకు అంతరాయం కలిగింది. ఆ రోజుల్లోనే అక్కడ పదుల సంఖ్యలో పిల్లలు చనిపోయారు. ఆ వార్త చదివిన నాటి నుంచి ఆక్సిజన్ బిల్లు నా బల్ల మీద రాత్రి నిద్ర చేయకూడదని నియమం పెట్టుకున్నాను. 2021 జనవరి 9 తెల్లవారుజామున మహారాష్ట్ర భండారా జిల్లా ఆస్పత్రిలో నవజాత శిశువుల విభాగానికి నిప్పంటుకుని 10 మంది పసికందులు పోయారు. వైరింగ్ తనిఖీ, మంటలార్పే సిలిండర్ల గడువు, అడ్డం లేని తలుపు: ఇవన్నీ మందులతో సమానంగా చూడాల్సినవే.

ఊరి పక్కనే 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం ఉన్నా మా జనరేటర్‌ను వారం వారం నడిపి చూడాల్సిందే. పసిబిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి. నెలలు నిండని బిడ్డకు వార్మర్ ఆగిందంటే బయట మే నెల ఎండలు మండుతున్నా, ఏసీ గదిలో ఒళ్లు చల్లబడుతుంది. అప్పుడు తల్లి రొమ్మున చర్మానికి చర్మం ఆనించి పడుకోబెట్టడమే దారి. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో, ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇవాళ ప్రపంచమంతా దీన్నే సిఫారసు చేస్తోంది. దానికి మేం సమకూర్చాల్సింది వెనక్కి వాలే కుర్చీ, ఒక తెర, తల్లికి వేళకు భోజనం.

మా వల్ల కానప్పుడు హైదరాబాద్‌లోని నిలోఫర్‌కు పంపుతాం. రాజీవ్ రహదారి మీద 220 కిలోమీటర్ల దాకా ప్రయాణం. 108 బయల్దేరకముందే అక్కడికి ఫోన్ చేసి మంచం సంగతి కనుక్కోవాలి, దారికి సరిపడా ఆక్సిజన్ ఉందో లేదో చూడాలి, ఏ మందు ఎన్నింటికి ఇచ్చారో కాగితం మీద రాసివ్వాలి. ఆ నిలోఫర్ ఆస్పత్రి పుట్టుక కూడా డాక్టర్ల వల్ల జరిగింది కాదు. 1949లో నిజాం కోడలు నిలోఫర్ దగ్గర పనిచేసే రఫత్ ఉన్నీసా కాన్పులో చనిపోయింది. మరో తల్లికి ఆ గతి పట్టకూడదని నిలోఫర్ పట్టుబట్టింది. 1953లో ఆస్పత్రి తెరుచుకుంది. వైద్యం తెలియని మనిషి కూడా, ఏం సమకూర్చాలో తెలుసుకుంటే, ఎన్ని ప్రాణాలు నిలపవచ్చో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఎందుకు?

2022లో రామగుండానికి మెడికల్ కాలేజీ వచ్చింది. డాక్టర్లు పెరుగుతారు, సంతోషం. వాళ్ల వెనుక ఆక్సిజన్ లెక్క చూసేవాళ్లు, రాత్రి కౌంటర్లో కూర్చునేవాళ్లు, తల్లులతో వాళ్ల యాసలో మాట్లాడేవాళ్లు కూడా పెరగాలి. యైటింక్లైన్ కాలనీలోనో సెంటినరీ కాలనీలోనో పుట్టి పెరిగినవాళ్లకు షిఫ్టుల వేళలు, నైట్ షిఫ్టు ఇంటి కష్టాలు, కాంట్రాక్టు కార్మికుడి భయాలు ఒకరు చెప్పకుండానే తెలుసు. డిగ్రీ చదివిన మన పిల్లల్లో కొందరైనా ఈ ఆస్పత్రి పరిపాలన కొలువుకు రావాలని నా కోరిక. పిల్లల డాక్టరు పోస్టు ఖాళీగా ఉంటే ఊరంతా నిలదీసి అడుగుతుంది, అడగాలి కూడా. ఈ పరిపాలన పోస్టు ఖాళీగా ఉన్నప్పుడు సైతం అంతే గట్టిగా అడగండి.