అంటించిన అలంకారాలు

వస్తువును అలంకరించడం తేలిక. ఆ అలంకారాన్ని గాయం చేయకుండా తొలగించడం కష్టం. ఈ సత్యాన్ని నాకు అలంకారశాస్త్రం కంటే మా ఇంటి మోటారు సైకిలే బాగా బోధించింది.

అది 1999లో మా అన్నగారు కొన్న నల్లని హీరో హోండా స్ప్లెండర్. 2004లో ఆయన కువైట్ వెళ్లేనాటికి దాని ఒంటిమీద ఖాళీ చోటు లేదు. ట్యాంకుకు ఇరుపక్కల రబ్బరు ప్యాడ్లు, మడ్‌గార్డుపై నక్షత్రాలు, ట్యాంకు పైభాగాన ఉర్దూలోను తెలుగులోను రేడియం అక్షరాలతో ఆయన పేరు. ఇరవై ఏళ్ల కడప ఎండలకు అవన్నీ ఎండిన చెరువు అడుగులా బీటలు వారాయి. డిగ్రీ చదువుతున్న అన్నగారి కుమారుడు బండి తనకు కావాలని, ముందుగా అవన్నీ తీసివేయాలని అన్నాడు. పేరు మాత్రం ఉంచుదామన్నాను.

“బండిమీద అబ్బా పేరెందుకు చాచా? ఇంట్లో మనిషి ఉంటే చాలదా?” అన్నాడు.

నా వద్ద సమాధానం లేకపోయింది.

పాత జిగురు వద్ద బలప్రయోగం పనికిరాదు. బ్లేడుతో గీకితే రంగు చీరుకుపోతుంది. థిన్నరు జిగురుతోపాటు రంగునూ కరిగించవచ్చు. వేడినీటిలో ముంచి పిండిన గుడ్డను కొంతసేపు కప్పి ఉంచితే జిగురు మెత్తబడుతుంది. అప్పుడు ఒక అంచును గోటితో లేపి, పైకి గుంజక, వెనుకకు మడిచి మెల్లగా లాగాలి. దళసరి ప్యాడ్ల వెనుక గట్టి దారం దూర్చి రంపంలా ఆడించాలి. మిగిలిన జిగురుకు కొబ్బరినూనె రాసి, నానిన పిదప తుడిచి, సబ్బునీటితో కడగాలి.

ఒక ఆదివారమంతా మేమిద్దరం ఈ పనిలోనే గడిపాం. అన్నిటికన్న చివర పేరు తీశాం. అక్షరాలు పోయాయి గాని పేరు పోలేదు. చుట్టూ ఎండకు వెలిసిన రంగు నడుమ, ఇన్నేళ్లు వెలుగు సోకని నలుపు రెండు లిపులలోను నిగనిగలాడుతున్నది. పాలిష్ పట్టిస్తే అదీ కొంత మాసిపోయేది. పాలిష్ డబ్బా తెచ్చిన కుర్రవాడే దాని మూత బిగించి పక్కన పెట్టాడు.

ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్నాడు 11వ శతాబ్దికి చెందిన క్షేమేంద్రుడు. విద్యార్థి మిత్రులారా, మీ వ్యాసాలలోని అనవసర విశేషణాలను కొట్టివేసేటప్పుడు ఇప్పుడు నా కలం కొంచెం ఆగుతున్నది. అంటించినదేదో, అంటుకొన్నదేదో చూచుకొని గాని తీయరాదు.