పర్మిట్ జోన్ టికెట్ - కట్టే ముందు కాగితం చదవండి



మిర్చి కోతలు అయ్యాక అమ్మాయి దగ్గరికి కాలిఫోర్నియా వెళ్ళి మూడు నెలలు ఉండి వచ్చానని మీలో చాలామందికి తెలుసు. అక్కడి బాదం తోటల గురించి రాయమని అడుగుతున్నారు, తప్పకుండా రాస్తాను. ఈలోపు ఇంకో సంగతి. మన పల్నాడు ఊళ్ళల్లోంచి ఎంతమంది పిల్లలు అక్కడ ఉన్నారో మీకే తెలుసు. వాళ్ళకి పనికొస్తుందని ముందు ఇది రాస్తున్నా. పార్కింగ్ టికెట్ గురించి.

మన దగ్గర వీధిలో ఖాళీ కనపడితే బండి పెట్టేస్తాం. అక్కడ చాలా సిటీల్లో కొన్ని వీధులు పర్మిట్ జోన్లు. ఆ వీధుల్లో కాపురం ఉండేవాళ్ళు సిటీ దగ్గర పర్మిట్ తీసుకుంటారు. బోర్డు మీద రాసిన వేళల్లో ఆ పర్మిట్ ఉన్న బండ్లే ఆగాలి. మిగతావాటికి టికెట్.

రోడ్డు అందరిదీ కదా, ఇదేం రూలు అని నేనూ అన్నాను. కారణం లేకపోలేదు. ఆఫీసులు, కాలేజీలు, రైల్వే స్టేషన్లు ఉన్నచోట బయటివాళ్ళు పొద్దున్నే వచ్చి పక్క వీధులన్నీ నింపేస్తే, ఆ వీధిలో ఉండేవాళ్ళకే చోటు మిగలదు. వర్జీనియాలో ఆర్లింగ్టన్ అనే కౌంటీలో ఈ తగాదా అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. వీధిలో ఉండేవాళ్ళకి ఒక రూలు, బయటివాళ్ళకి ఒక రూలు పెట్టడం రాజ్యాంగానికి విరుద్ధం కాదని 1977లోనే కోర్టు తేల్చేసింది. కాబట్టి రోడ్డు అందరిదీ అని వాదిస్తే అక్కడ చెల్లదు. వాదించాల్సింది వేరే ఉంది.

ఒకరోజు రాత్రి మా అమ్మాయి స్నేహితుడు భోజనానికి వచ్చాడు. చదువుకుంటున్న కుర్రాడు, లోను మీద వచ్చినవాడు. పెద్ద వీధిలో చోటు లేక పక్క వీధిలో కారు పెట్టాడు. తొమ్మిదింటికి వెళ్ళి చూస్తే అద్దం మీద కాగితం. డెబ్బై పైచిలుకు డాలర్లు, మన లెక్కలో ఆరువేలు దాటింది. ఆ అబ్బాయికి డబ్బు కంటే భయం ఎక్కువైంది. "కట్టేస్తా అంకుల్, ఎదురుచెబితే వీసాకి ఏమన్నా అవుద్దేమో" అన్నాడు.

"ముందు కాగితం చదువుదాం నాయనా" అన్నాను. అడంగల్లో సెంట్లు తప్పు పడితే ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగిన వాళ్ళం మనం. కాగితం చూడగానే దణ్ణం పెట్టడం మనకి అలవాటు లేదు.

చదివితే తెలిసింది. ఈ టికెట్ క్రిమినల్ కేసు కాదు, సివిల్ జరిమానా. కాదని చెప్పుకునే దారి చట్టమే ఇచ్చింది, ఆ దారి టికెట్ మీదే రాసి ఉంటుంది. చెప్పుకోవడం తప్పు కాదు. కట్టకుండా, చెప్పుకోకుండా ఊరుకోవడమే తప్పు. అప్పుడు జరిమానా పెరుగుద్ది.

తర్వాత టార్చిలైట్ పట్టుకుని ఆ వీధికి పోయాం. బోర్డు ఉంది. కానీ చెట్టుకొమ్మ పెరిగి సగానికి పైగా కప్పేసింది. ఆ అబ్బాయి వచ్చిన వైపు నుంచి చూస్తే కింది అంచు తప్ప ఏమీ కనపడదు. ఇంకో బోర్డు మలుపు దాటాక ఉంది. కాలిఫోర్నియా వాహన చట్టం 22507 సెక్షన్ ప్రకారం, సరిపడా తెలిసేలా బోర్డులో, గుర్తులో పెట్టేదాకా పర్మిట్ రూలు ఆ వీధికి వర్తించదు. మా వాదనకి పునాది అదే.

ఆ రాత్రికే ఫోటోలు తీయించాను. మర్నాడు పగటిపూట మళ్ళీ తీయించాను. దగ్గర నుంచి ఒకటి, డ్రైవరు సీట్లో కూర్చుంటే కళ్ళు ఉండే ఎత్తు నుంచి ఒకటి, వీధి మొదట్లో నిలబడి ఒకటి, ఇంటి నంబరు కనపడేలా ఒకటి. ఇది ఎందుకు ముఖ్యమంటే, అక్కడ విచారణకి టికెట్ రాసిన ఆఫీసరు రానక్కర్లేదు. ఆ టికెట్ కాగితమే సాక్ష్యంగా చెల్లుద్ది. దానికి ఎదురు సాక్ష్యం మనమే తేవాలి. నాలుగు రోజులాగి వెళ్తే కొమ్మ కొట్టేసి ఉండొచ్చు. అప్పుడు ఏం చూపిస్తాం?

కాలిఫోర్నియాలో మూడు మెట్లు ఉన్నాయి. పిల్లలు ఇవి గుర్తుపెట్టుకోవాలి.

మొదటిది, టికెట్ ఇచ్చిన 21 రోజుల్లో రివ్యూ అడగడం. కట్టలేదని నోటీసు పంపితే, అది పంపిన రోజు నుంచి 14 రోజులు. దీనికి ఫీజు లేదు. తప్పు జరగలేదని తేలినా, బండి ఓనరుది బాధ్యత కాదని తేలినా, వదిలేయడమే న్యాయం అనిపించే పరిస్థితి ఉన్నా రద్దు చేయొచ్చు.

రెండోది, రివ్యూలో కాదంటే ఆ జవాబు పంపిన 21 రోజుల్లో హియరింగ్ అడగడం. ఇక్కడ జరిమానా డబ్బు ముందే డిపాజిట్ చేయాలి. కట్టే స్తోమత లేదని రుజువు చూపిస్తే మినహాయింపు ఉంది. స్వయంగా వెళ్ళొచ్చు, పోస్టు ద్వారా రాతపూర్వకంగానూ చెప్పుకోవచ్చు.

మూడోది కోర్టు. హియరింగ్ తీర్పు వచ్చిన 30 రోజుల్లో వెళ్ళాలి, ఫీజు 25 డాలర్లు. గెలిస్తే ఆ ఫీజు కూడా వెనక్కి వస్తుంది.

మిగతా రాష్ట్రాల్లో గడువులు వేరు. టికెట్ వెనక ఏం రాసుందో అదే ప్రమాణం.

ఏం చెల్లదో కూడా చెప్పాలి. కొత్తగా వచ్చా, తెలియదు అంటే చెల్లదు. ఐదు నిమిషాలే ఆపా, పక్క బండికి వేయలేదు అన్నా చెల్లదు. కారు రంగు తప్పు రాశారని టికెట్ దానంతటదే పోదు. కానీ తేదీ, వీధి, నంబరు ప్లేటు తప్పుగా ఉంటే గట్టి వాదన. పర్మిట్ ఉండి కూడా టికెట్ పడితే పర్మిట్ కాపీ జత చేయాలి. ఇప్పుడు చాలా సిటీల్లో పర్మిట్ స్టిక్కర్ కాదు, ప్లేటు నంబరు మీదే కంప్యూటర్లో ఉంటుంది. చుట్టాల కారుకి గెస్ట్ పర్మిట్ తీసుకునేటప్పుడు ఒక్క అక్షరం తప్పు కొట్టినా పర్మిట్ లేనట్టే.

ఇంకో మాట. కాలిఫోర్నియాలో వికలాంగుల ప్లకార్డు ఉన్న బండి పర్మిట్ జోన్లోనూ ఆగొచ్చు. నడవలేని పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నవాళ్ళకి ఇది తెలిసి ఉండాలి. ఇక పర్మిట్ ఉందని ధీమాగా ఉండకూడదు. రోడ్డు ఊడ్చే రోజున పర్మిట్ ఉన్నవాళ్ళూ బండి తీయాల్సిందే.

మా అబ్బాయి కేసు ఏమైంది అంటారా. మొదటి రివ్యూలో "బోర్డు ఉంది" అని రెండు వరసల జవాబు వచ్చింది. వదిలేద్దాం అంకుల్ అన్నాడు. బోర్డు లేదని మనం అనలేదు కదా, కనపడదన్నాం. మన ప్రశ్నకి వాళ్ళు జవాబే చెప్పలేదు. ఆ మాటే చెప్పి, ఇష్టమైతే ముందుకెళ్ళు, బలవంతం లేదన్నాను. రెండు రోజులు ఆలోచించుకుని డిపాజిట్ కట్టాడు. ఫోటోలు వరసగా అంటించి, కింద ఒక్కో వాక్యం రాసి, ఒక పేజీ మించకుండా పంపాడు. కోపం లేదు, కథ లేదు.

నేను ఇంటికి వచ్చిన రెండు వారాలకి అమ్మాయి ఫోన్ చేసింది. టికెట్ రద్దయింది, డబ్బు వెనక్కి వస్తోంది. ఆ కొమ్మ కూడా కొట్టేశారని ఫోటో పెట్టింది. ఇప్పుడు బోర్డు వీధి చివర నుంచి కూడా కనపడుతోంది. ఇక ముందు అక్కడ పర్మిట్ లేకుండా పెట్టినవాళ్ళు మాట్లాడకుండా కట్టాలి. అదీ న్యాయమే.

మీ పిల్లలు అక్కడ ఉంటే ఈ పోస్టు పంపండి. భయంతో కట్టకండి, పొగరుతో మానకండి అని చెప్పండి. వచ్చే పోస్టు బాదం తోటల గురించే.