చేతులు తుడుచుకున్నావా?

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు, దేవుడి గది కంటే మడిగా ఉండే మూల ఒకటి హాల్లో ఉండేది. అక్కడ మామయ్యగారి స్టీరియో. టర్న్‌టేబుల్, యాంప్లిఫయరు, రెండు చెక్క స్పీకర్లు, వాటి మీద అత్తయ్యగారు కుట్టిన గళ్ల గుడ్డ. మావారికి కూడా దాన్ని ముట్టుకునే హక్కు లేదు. చిన్నప్పుడోసారి ముల్లు విరగ్గొట్టారట, దానికి యావజ్జీవ శిక్ష!

ఆదివారం పొద్దున్నే ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి వేంకటేశ్వర సుప్రభాతం వేసేవారు. 1963లో వచ్చిన రికార్డు అది. వేయడానికి పెద్ద తంతు. అంచులే పట్టుకోవాలి. గాడి వెంటే గుండ్రంగా, మెత్తటి గుడ్డతో తుడవాలి. ముల్లుకు పట్టిన నూగును బ్రష్‌తో వెనక నుంచి ముందుకే లాగాలి. రికార్డుల్ని పుస్తకాల్లా నిలబెట్టాలి, దొంతరగా పడుకోబెడితే వంగిపోతాయి. కాఫీ ఇచ్చే వంకతో నిలబడి ఇవన్నీ చూసేదాన్ని.

కొన్నేళ్లకు ఆయన చేతులు వణకడం మొదలైంది. ఒక ఆదివారం ముల్లు జారి రికార్డు మీద కర్రుమని గీసింది. ఆయన ఏమీ అనలేదు. ఆపేసి గుడ్డ కప్పేశారు. రెండు వారాలు ఇంట్లో పాట లేదు. మూడో ఆదివారం నన్ను పిలిచి, "అమ్మాయ్, చేతులు తుడుచుకున్నావా?" అన్నారు. కొంగుకు తుడుచుకోబోతే, "కొంగుకు నూనె ఉంటుందమ్మా" అని తన తువ్వాలు ఇచ్చారు. ఆ రోజు ముల్లు నేనే పెట్టాను. నా చెయ్యీ వణికిందనుకోండి.

ఆయన పోయాక మూడేళ్లు ఆ గుడ్డ తీయలేదు. అదే గౌరవం అనుకున్నాను. తద్దినం నాడు మనసాగక తీసి పెడితే, ఎమ్మెస్ గారి గొంతు బరువుగా, ఈడుస్తూ, మగగొంతులా వచ్చింది. వాల్యూమ్ తిప్పితే ఒకటే గరగర. ఏడుపు ఆగలేదు.

కోఠీ గుజరాతీ గల్లీకి ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. మెకానిక్ విప్పి, సాగిపోయిన రబ్బరు బెల్టు చూపించాడు. "వాడితే అరిగేది కొంచెమేనమ్మా. మూల పెడితేనే ఎక్కువ పాడవుతాయి" అన్నాడు. కొత్త బెల్టు వేసి, వాల్యూమ్ లోపలి దుమ్ము శుభ్రం చేసిచ్చాడు. ఆ మాట మాత్రం దారంతా నా వెంట వచ్చింది.

అప్పట్నుంచి ఒక్క ఆదివారమూ మానలేదు. మొన్న మావారు పక్కన నిలబడి, చిన్నపిల్లాడిలా, "ఇవాళ నేను పెట్టనా?" అన్నారు. యాభై దాటిన మనిషి!

నా నోట్లోంచి వచ్చిన మాట నాకే నవ్వు తెప్పించింది.

"చేతులు తుడుచుకున్నారా?"

మామయ్యగారి తువ్వాలు తెచ్చి చేతికిచ్చాను. పాత గీత దగ్గర రికార్డు ఇప్పటికీ టక్కుమంటుంది. ఇద్దరం మాట్లాడకుండా దానికోసమే ఎదురుచూశాం.